కట్ చెప్పని షాట్

"కదలకు" అన్నారు పెద్దాయన, వాషింగ్ మెషిన్ వైపు చూస్తూ.

నేను వంటింటి గడపలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. ఎవరితో అన్నారా అని వెనక్కి తిరిగి చూశాను. తెల్లటి టైల్సు, మూలన నిలబెట్టిన మాప్ కర్ర, ఆగిపోయిన మెషిన్. అంతే.

"ఎవురితో మాట్లాడతాండారు పెద్దయ్యా?"

"నీతో కాదులే అమ్మా" అన్నారు మర్యాదగానే.

మా రాయచోటి వైపు ఇలాంటిది జరిగితే ముందు ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి, ఆలోచించడం తరవాత పెట్టుకుంటారు. పరాయి ఇంట్లో పొయ్యిలో మిరపకాయలు వేస్తే ఫైర్ అలారం మోగుతుంది కాబట్టి నేను ఊరుకున్నాను. పోయిన వేసవిలో, మే నెల చివరి వారంలో జరిగిందిది.

సుబ్రహ్మణ్యం గారికి ఎనభై ఆరేళ్ళు. విజయవాడలో భార్య పోయాక కొడుకు ఫణి ఆయన్ని తనతో పాటు కువైట్‌లోని మహబూలాకు తెచ్చుకున్నాడు. ఫణికి సిటీలో, షర్క్‌లో ఆఫీసు. కోడలు సుప్రజకు కంప్యూటర్ల ఉద్యోగం. ఇద్దరూ పొద్దున ఆరున్నరకు పోతే మళ్ళీ సాయంత్రమే. ఈలోపు వంటకూ, పెద్దాయనకు తోడుగానూ నన్ను పెట్టుకున్నారు. అంతకుముందు పన్నెండేళ్ళు ఒక కువైటీ మామా, అంటే ఇంటి యజమానురాలి దగ్గర చేశాను. తెలుగువాళ్ళ ఇల్లనగానే సంబరపడ్డాను గానీ, పులుసులో ఉప్పెక్కువైందని తెలుగులో చెప్పించుకోవడం ఎంత కష్టమో అప్పుడు తట్టలేదు.

పెద్దాయన మాత్రం వంకలు పెట్టే మనిషి కాదు. ఆయన బాధ చూపు. రెండు కళ్ళలోనూ సరిగ్గా మధ్యన ఒక మరక పడింది. నా మొహం కేసి చూస్తే మొహం కనపడదు, చెవులూ కొప్పూ కనపడతాయి. పేపరు చదవలేకపోతున్నారని ఒకరోజు నేనే అడిగాను.

"టీవీలో ఏమన్నా పెట్టేదా పెద్దయ్యా?"

"యాభై ఏడులో వచ్చిన జానపద సినిమాలు దొరుకుతాయా?"

అట్లా మొదలైంది మా మధ్యాహ్నం ఆట. బయట యాభై డిగ్రీల ఎండ, కిటికీ అవతల సముద్రం ఉడుకుతున్నట్టు ఉండేది. పదకొండుకల్లా వంట ముగించి, నా ఫోను టీవీకి తగిలించి, ఆయన్ని తెరకు మూరెడు దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. తల పక్కకు తిప్పి, కంటి కొసతో చూసేవారు. ఎవరైనా చూస్తే టీవీతో అలిగాడనుకుంటారు.

నేను అప్పటిదాకా పాత సినిమాలంటే ముక్కు విరిచేదాన్ని. వారం తిరిగేసరికి నాకూ పిచ్చి పట్టింది. మంచాలు ఎగురుతాయి, మనుషులు చిలకలవుతారు, కొండలు నోళ్ళు తెరుస్తాయి. పేర్లు గుర్తుండక నేను ఒక్కో సినిమాకు ఒక్కో గుర్తు పెట్టుకున్నాను. పాము సినిమా, గడ్డం మాంత్రికుడి సినిమా, గడ్డం లేని మాంత్రికుడి సినిమా.

"ఆ ఏడాది మద్రాసులో ఏ స్టూడియో ఫ్లోరుకు వెళ్ళినా మాంత్రికుడేనమ్మా" అనేవారాయన నవ్వి. "పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు. అంతమందికీ గుహ ఒక్కటే. పులి నోరు తెరిచినట్టు ఉండేది. దానికే రంగు మార్చి, తీగలు మార్చి, మళ్ళీ మళ్ళీ తీసేవాళ్ళు."

నిజమే. ఆ పులిగుహ ప్రతి రెండో సినిమాలో కనపడింది. అది రాగానే ఆయన ముందుకు వంగేవారు.

"ఎడమ చెవి ఉందా చూడు."

"ఉంది పెద్దయ్యా."

"అయితే ఇది కాదు. ఆపెయ్."

చెవి లేని పులి ఉన్న సినిమా ఒకటి ఉందట. అది ఏదో పేరు తెలియదట. ఆయన పంతొమ్మిదేళ్ళు నిండకముందే ఆ గుహ సెట్టు ఉన్న స్టూడియోలో కెమెరా డిపార్టుమెంటులో కుర్రాడిగా ఉన్నారు, ఫిల్మ్ డబ్బాలు మోయడం, చీకటిగదిలో ఫిల్మ్ ఎక్కించడం ఆయన పని. ఆ సినిమాకు పేరు పెట్టేలోపే పని వదిలి వచ్చేశారు. తరవాత జీవితమంతా కాలవల శాఖలో గుమాస్తా. "మా నాన్న కెమెరా ముట్టుకోగా నేను చూళ్ళేదు" అని ఫణి నాతో అన్నాడోసారి.

జూన్ మధ్యలో సుప్రజ ఒకరోజు తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికి చేరింది. అప్పుడు టీవీలో ఒక అస్థిపంజరం కత్తి తిప్పుతోంది. పెద్దాయన తెర వైపు కాకుండా వాషింగ్ మెషిన్ వైపు తిరిగి, "కదలకు, కదిలితే పాడైపోతుంది" అని మెల్లగా చెబుతున్నారు. సుప్రజ మొహం తెల్లబడింది. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా మాట్లాడుతున్నారు? నాకెందుకు చెప్పలేదు?"

"ఎవురినీ ఏమీ అనడంల్యా మేడమ్. కదలొద్దంటాడు, అంతే."

"రోజంతా దెయ్యాల సినిమాలు చూపిస్తే దెయ్యాలు కనపడక దేవుళ్ళు కనపడతారా వెంకటేశ్వరీ? ఇక ఇవన్నీ బంద్."

కోపంతో కాదు, భయంతో అంది. అందుకే నేను ఎదురు చెప్పలేదు. మరుసటి వారం ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. పిచ్చి కాదన్నాడట డాక్టరు. చూపు పోతున్నవాళ్ళకు అప్పుడప్పుడు లేని మనుషులు కనపడతారట. ఇంజెక్షన్లు ఇస్తాంగానీ మధ్య చూపు ఈ వేసవి దాటి నిలవకపోవచ్చు అన్నాడట. ఫణి ఆ రాత్రి అన్నం సగంలోనే వదిలేశాడు. పెద్దాయన మాత్రం పెరుగన్నం శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, "ఈ వేసవి అంటే ఎప్పటివరకూ రా?" అని అడిగారు.

జూలై మొదట్లో గాలిదుమారం వచ్చింది. పొద్దున పదింటికి ఆకాశం ఇటుక రంగుకు తిరిగి, ఎదురు బిల్డింగు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కూడా కనపడకుండా పోయాయి. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కుతున్నాను. ఇల్లంతా ఎర్రటి మసకవెలుగు. పెద్దాయన సోఫాలో కూర్చుని మెషిన్ వైపే చూస్తున్నారు.

"ఈ పొద్దు కూడా ఉందా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఉంది" అన్నారు. "నా చెల్లెలమ్మా. రమాదేవి. పద్నాలుగేళ్ళు."

నేను గుడ్డ కింద పెట్టి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

అమ్మానాన్నా లేని పిల్లలు వాళ్ళు. అన్నకు మద్రాసులో పని దొరికితే, వండిపెట్టడానికి చెల్లెలు కూడా వెళ్ళింది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఎండలో నడిచి స్టూడియోకు వచ్చేది. ఆ రోజుల్లో సినిమాలో దెయ్యం కనపడాలంటే కెమెరాలోనే చెయ్యాలి. నల్ల మఖమలు గుడ్డ ముందు మనిషిని నిలబెట్టి తీసి, అదే ఫిల్మ్ వెనక్కి చుట్టి, దాని మీదే మళ్ళీ గుహను తీస్తే, మనిషిలోంచి గుహ కనపడుతుంది. ఆ పని నేర్చుకోవాలని ఈయనకు తహతహ. కుర్రాళ్ళు కెమెరా ముట్టుకోకూడదు. ఒకరోజు భోజనాల వేళ అందరూ బయటికి పోయాక, వాడగా మిగిలిన ఫిల్మ్ ముక్క ఒకటి ఎక్కించి, చెల్లెల్ని మఖమలు ముందు నిలబెట్టారు. కంగారుగా లైటు స్టాండు లాగడంలో అది తగిలి పక్కనున్న గుహ సెట్టులో పులి ఎడమ చెవి ఊడిపడింది.

"దానికి మరీ మరీ చెప్పాను, కట్ అనేదాకా కదలకూడదు, అది మా ఫ్లోరు పద్ధతి అని. దాని ముక్కు మీద ఫోకస్ పెట్టుకుని కెమెరా తిప్పాను. ఇక ఎంత ఫిల్మ్ తిరిగిందో చూపే మీటరు మీదే నా చూపంతా. తలెత్తేసరికి కింద కూర్చుని ఉంది. ఫిల్మ్ వేస్టయిందని తిట్టాను."

"తర్వాత?"

"టైఫాయిడు. పదకొండో రోజుకు పోయింది."

బయట గాలి కిటికీలను గుంజుతోంది. ఆయన గొంతు మాత్రం ఆఫీసులో ఫైలు చదివినట్టు ఉంది.

తీసిన ఫిల్మ్ డబ్బాకు టేపు అంటించడం ఆ డిపార్టుమెంటు ఆచారం. టేపు లేని డబ్బా అంటే ఖాళీ ఫిల్మ్ అని లెక్క. దొంగచాటుగా తీసినది కదా, ఈయన ఫిల్మ్ వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టారు గానీ టేపు వెయ్యలేదు. చెల్లెలికి పదిరోజులు కాపలా ఉండి, కర్మ ముగించుకుని వచ్చేలోపు ఎవరో ఆ డబ్బా తీసి కెమెరాకు ఎక్కించారు. మాంత్రికుడు పులిగుహలో హోమం చేసే సీను దాని మీదే తీశారు. చెవి ఇంకా అతికించలేదు.

"రషెస్, అంటే తీసిన ముక్కలు, తెర మీద వేస్తుంటే నేను వెనక నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి హాల్లో అందరూ కేకలు. పొగలో పిల్ల, పొగలో పిల్ల అని. భూమిలోకి దిగిపోతోందిరా అన్నాడొకడు. ఇంత గొప్ప దెయ్యాన్ని ఈ ఏడాది ఎవడూ తీయలేదు, ఎవడు చేశాడీ పని అని డైరెక్టరు నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను తల ఎత్తలేదమ్మా. ఆ సాయంత్రమే రైలెక్కాను. ఈ అరవై ఎనిమిదేళ్ళలో మళ్ళీ సినిమా హాలు తొక్కలేదు. దానికి ఇంకో ఫొటో లేదు. ఆ ముక్క ఒక్కటే."

"చూపు పోయేలోపు చూడాలని ఉందా?"

"చూడాలని కాదు. తెలియాలని." ఆయన నా వైపు తిరిగారు, నా చెవుల వైపు. "చివర్లో నీరసమొచ్చి కూలబడిందా, లేక మొదట్నుంచీ వణుకుతూనే ఉందా? చివర్లో అయితే నేను మీటరు చూస్తున్నాను, నాకు తెలియదు. మొదట్నుంచీ అయితే ఫోకస్ పెట్టేప్పుడు చూశాను. చూసి కూడా తిప్పాను. ఏది నిజమో నాకే గుర్తు లేదు. ఒకరోజు ఇలా గుర్తొస్తుంది, ఒకరోజు అలా."

నా కథ నాకుంది. ఎనిమిదేళ్ళ కిందట మా అమ్మ వీడియో కాల్‌లో కనపడింది, మొహమంతా ఉబ్బి. చూశాను. అప్పుడే మామా అన్నాలు వడ్డించమని కేకేసింది, "రేపు చేస్తాలే మా" అని పెట్టేశాను. మూడోరోజుకు అమ్మ లేదు. నీకేం తెలుసులే, అంత దూరాన ఉన్నదానివి అని అందరూ ఓదార్చారు. ఆ ఓదార్పు ఈనాటికీ గొంతులో ముల్లులా ఉంది. నాకు తెలుసు మరి. చూశాను కదా.

సుప్రజ వద్దన్న పని తలకెత్తుకోవడం కొరివితో తల గోక్కోవడమే. అయినా ఆ శుక్రవారం కిందనున్న మొబైల్ షాపుకు పోయాను. షాపు నడిపే అబ్దుల్ ఖుద్దూస్‌ది కడప. పాత సినిమాలు హార్డ్ డిస్కుల్లో పోగేసుకునే పిచ్చోడు. చెవి లేని పులి కావాలంటే పగలబడి నవ్వాడు.

"సినిమా పేరడిగితే పులి చెవి చెప్తావేందక్కా! సరేలే, నేను కూడా చూస్తా ఉంటా."

జూలై గడిచింది. పెద్దాయన రెండు ఇంజెక్షన్లు చేయించుకున్నారు. ఆగస్టుకల్లా మరక పెద్దదై, గోడలు తడుముకుంటూ నడవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఒక్కతే స్పష్టంగా కనపడుతోందని చెప్పేవారు. నేను కూడా బట్టలు వేయడానికి పోయినప్పుడు తెలియకుండానే "తప్పుకో పాపా" అనడం మొదలుపెట్టాను. భయం ఉండేది. భయం కంటే ఎక్కువగా, అన్ని గంటలు అట్లా నిలబడి ఉన్నదే అని జాలి ఉండేది.

ఆగస్టు రెండో వారంలో ఖుద్దూస్ ఫోను చేశాడు. "అక్కా, చెవి లేని పులి దొరికిందప్పా. అరవంలో మాట్లాడతాంది."

ఆ సినిమాను తమిళానికి డబ్బింగు చేశారట, తెలుగుది పోయి అదొక్కటే మిగిలిందట. పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి పెట్టేసరికి మధ్యాహ్నం పన్నెండు. పెద్దాయన్ని తెర ముందు కూర్చోబెట్టాను. ఆయన తల అటూ ఇటూ తిప్పి చూశారు, కుడి కొసనుంచి, ఎడమ కొసనుంచి.

"వెలుగు తప్ప ఏం కనపడట్లేదమ్మా" అన్నారు చివరికి. "నువ్వు చూడు. నాకు చెప్పు."

గుహ వచ్చింది. ఎడమ చెవి ఉండాల్సిన చోట తెల్లటి సుద్ద మచ్చ. మాంత్రికుడు అరవంలో ఏదో అరిచి హోమంలో పొడి చల్లాడు. అప్పుడు తాళం చెవి తిరిగిన చప్పుడైంది. ఆ రోజు ఆఫీసునుంచి తొందరగా వచ్చేసిన సుప్రజ లోపలికి అడుగుపెట్టి, తెరను చూసి, నోరు తెరవబోయి ఆగిపోయింది.

పొగలో పిల్ల నిలబడి ఉంది. లంగా ఓణీ, రెండు జడలు, మెడ కింద ఎముకలు. ఆ పిల్లలోంచి పులి కోరలు కనపడుతున్నాయి. మాంత్రికుడికి ఆమె సంగతి తెలియదు, ఆమెకు మాంత్రికుడి సంగతి తెలియదు. ఆమె నేరుగా మా వైపే చూస్తోంది.

"వచ్చిందా?" పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. "వచ్చింది కదూ. చెప్పు. వణుకు ఎప్పుడు?"

సుప్రజకు సంగతి ఏమీ తెలియదు. అయినా ఆయన గొంతు విని ఏదో అర్థమైంది. ఆయన వెనక నిలబడి నాకు సైగ చేసింది, వద్దు, చెప్పొద్దు అని తల అడ్డంగా ఊపింది. ఒక్క మాట చాలు. చివర్లోనే పెద్దయ్యా అంటే చాలు. ముసలాయన హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు. నాకు మాత్రం అమ్మ ఉబ్బిన మొహం కళ్ళ ముందుకు వచ్చింది.

"మొదటినుంచీ" అన్నాను.

ఆయన చెయ్యి నా చెయ్యి మీద అట్లాగే ఉంది.

"ఇంకా చెప్పు."

"వణకతానే ఉంది పెద్దయ్యా. నుదురు తుడుచుకునింది. మళ్ళీ చెయ్యి దించి నిటారుగా నిలబడింది. మీ తట్టే చూస్తాంది. కాళ్ళు నిలవలేదు, అట్లే కిందికి పోయింది."

తెర మీద పొగ మిగిలింది. మాంత్రికుడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. నేను టీవీ ఆపాను.

సుప్రజ వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "ఎవరు మామయ్యగారూ ఆ అమ్మాయి?" అని అడిగింది. ఆయన చెప్పారు. నాకు ఒక పూటంతా చెప్పింది ఆమెకు నాలుగు ముక్కల్లో చెప్పారు. "జ్వరమని చూశానమ్మా. చూసి కూడా నిలబెట్టాను" అన్నారు చివర. సుప్రజ మీకేం తెలుసులెండి అనలేదు. అననందుకు ఆ క్షణాన ఆమె మీద నాకు ఎక్కడలేని ప్రేమ కలిగింది. ఆమె ఏడుస్తూ ఉండిపోయింది.

కాసేపటికి పెద్దాయన లేచారు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వంటింటి పక్కకు నడిచారు. వాషింగ్ మెషిన్‌కు రెండు బారల దూరంలో ఆగారు.

"తిట్టానేగానీ, కట్ చెప్పలేదు నేను" అన్నారు మాతో. తరవాత మూల వైపు తిరిగి, నేను ఎన్నడూ వినని గొంతుతో, ఫ్లోరు ఆ చివరికి వినపడేలా, "కట్!" అన్నారు.

"అయిపోయింది రమా. ఖలాస్. ఇంక కూర్చో తల్లీ." నా వైపు చెయ్యి చాపారు. "ఒక కుర్చీ వెయ్యమ్మా దానికి. ఇన్నాళ్ళూ నిలబడే ఉంది."

నేను భోజనాల బల్ల దగ్గరనుంచి కుర్చీ ఒకటి తెచ్చి మెషిన్ పక్కన వేశాను. కుర్చీని గోడకు ఆనించాలా, కాస్త ముందుకు జరపాలా తెలియక రెండుసార్లు సర్దాను.

"కూర్చుందా?" అని అడిగారు.

ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అదే నాకు కనపడింది. ఇందాక నిజం చెప్పిన నోటికి ఈ మాట రాలేదు. వెనకనుంచి సుప్రజ కళ్ళు తుడుచుకుని వచ్చింది. దెయ్యాల సినిమాలు బంద్ అన్న మనిషి, డాక్టరు చెప్పిందంతా కాగితం మీద రాసుకున్న మనిషి. ఖాళీ కుర్చీ ముందు కాస్త తల వంచి, మామగారి చెల్లెలికి ఇవ్వవలసిన మర్యాద ఇచ్చి మాట్లాడింది.

"కూర్చున్నారు మామయ్యగారూ. అత్తయ్యగారు కూర్చున్నారు. మంచినీళ్ళు ఇమ్మంటారా?"